బ్లాక్ లిస్టులో ఒకే ఒక్క నంబరు

పుంగనూరు బస్టాండు దగ్గర నాకు సెల్‌ఫోన్ల అంగడి ఉండేది. ఒక షట్టరు, ముందర గాజు బల్ల, దాని వెనక నేను. సిమ్ కార్డులు, రీచార్జి, పాత సెట్ల రిపేరు. అప్పట్లో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామందిది ఒకటే కష్టం. ఎవడో ఊరూ పేరూ లేనివాడు ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. ఎవరో ఏమోనని వీళ్లు తిరిగి చేస్తారు. ఆడగొంతు అని తెలిసిందంటే ఇక వాడు వదలడు. పొద్దున్నే ఒక మెసేజీ, మధ్యాహ్నం తిన్నావా అని ఒకటి, దీపాలు పెట్టే వేళకు కవిత్వం.

"వీని పీడ వదిలించన్నా" అంటూ ఫోను బల్ల మీద పెట్టేవారు.

చైనా సెట్టు అయితే పని సులువు. అందులో బ్లాక్ లిస్టు అని ఒకటి ఉండేది. నంబరు దాంట్లో ఎక్కిస్తే వాడు ఎన్నిసార్లు చేసినా వాడికి బిజీ అని వస్తుంది. ఇక్కడ ఫోను మోగదు. చేసినట్టు గుర్తు కూడా మిగలదు. పాత నలుపు తెలుపు సెట్లలో ఆ వసతి లేదు. వాటికి నేనొక ఉపాయం కనిపెట్టాను. ఆ నంబరును 'ఎత్తొద్దు' అనే పేరుతో దాచి, శబ్దం లేని రింగ్‌టోను పెట్టేవాణ్ని. వెంటపడేవాళ్లు ఎక్కువైతే ఎత్తొద్దు ఒకటి, ఎత్తొద్దు రెండు. ఒక నర్సమ్మ ఫోనులో అట్లాంటివి వరసగా ఉండేవి. "పనిలో పని, మా అత్త నంబరు గూడా ఎక్కిచ్చేయన్నా" అని ఆమె అంటే అంగట్లో అందరూ నవ్వారు.

ఈ పనికి నేను డబ్బు తీసుకునేవాణ్ని కాదు. మంచివాడు అనిపించుకోవడం నాకు అంత ఇష్టం. అదే విద్యను నా ఇంట్లో వాడినప్పుడు మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

నా భార్య దగ్గర ఉన్నది ఒక పాత సెట్టు, అందులో లైఫ్‌టైం సిమ్. ఫోన్లు వస్తాయి, ఇక్కణ్నుంచి మిస్డ్ కాల్ ఇచ్చేంత తప్ప మాట్లాడేంత బ్యాలెన్సు ఉండదు. ఊరికంతా రీచార్జి చేసేవాణ్ని, ఆమెకు చేసేవాణ్ని కాదు. అవసరమైతే మిస్డ్ కాల్ ఇస్తుంది, నేను తిరిగి చేస్తాను, అంతకంటే ఏం కావాలి అనుకునేవాణ్ని.

ఒకరోజు నేను ఇంట్లో భోంచేస్తుండగా ఆ ఫోను మోగింది. అవతల పెద్ద గొంతు. ఎత్తీ ఎత్తకముందే అడిగింది.

"ఏమ్మే, ఆవు ఈనిందా?"

"యా ఆవక్కా? మా ఇంట్లో ఆవు లేదే."

"అయ్యో, యాల అమ్మేస్తిరి?"

నా భార్యకు నవ్వు ఆగలేదు. అవతలామెది కుప్పం. పక్క ఊళ్లో ఉండే చెల్లెలికి చేయబోయి ఒక అంకె తప్పు నొక్కింది. అది తేలడానికి చాలాసేపు పట్టింది. మర్నాడు ఆమె మళ్లీ చేసింది. ఈసారి తప్పు నంబరు కాదు, కావాలనే. "నీకు గూడా సెప్పాలనిపించింది మే. కోడెదూడ పుట్టింది" అంది.

అట్లా మొదలైంది. మొహం ఎరగని ఆ ఇద్దరూ రోజూ మాట్లాడుకునేవారు. మాట్లాడటానికి వీలు లేనప్పుడు ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేవారు. ఎత్తకూడదు, తిరిగి చేయకూడదు. నిన్ను తలచుకున్నాను అని దాని అర్థం. రెండు రింగులు ఇస్తే మాట్లాడాలి, నువ్వు చెయ్యి అని. నా భార్య రెండు రింగులు ఇచ్చిన మరుక్షణం కుప్పం నుంచి ఫోను వచ్చేది. చెనిక్కాయల ఊరిబిండి పచ్చడిలో చింతపండు ఎంత వేయాలి అనే దగ్గర మొదలుపెట్టి ఎక్కడెక్కడికో పోయేవారు. "కుప్పంలో అరవం, కన్నడం కలిపి కొడతారే, నువ్వు యా బాసలో తిడతావక్కా?" అని ఈమె అడిగితే, "తిట్టేదానికి మూడూ సాలవు మే" అని ఆమె. ఫోను నా భార్య చెవికి ఆనించి ఉన్నా అవతలామె నవ్వు నాకు వినిపించేది.

నేను ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏముండాది, ఊరికే" అనేది.

ఆ 'ఊరికే' నాకు గుచ్చుకునేది. తొంభైల్లో, పెళ్లికి ముందు, మదనపల్లెలో టమోటా మార్కెట్ యార్డు ఎదురుగా నేను ఎస్టీడీ బూత్ నడిపాను. గాజు గదిలో వ్యాపారులు మద్రాసుకూ బెంగళూరుకూ రేట్లు అరిచేవారు. సందకాడ ప్రేమించుకునే పిల్లలు గొణిగేవారు. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అన్నీ వినేవాణ్ని. ఊరివాళ్ల మాటలన్నీ విన్న మనిషికి తన ఇంట్లో మాటలు అందకపోతే ఎట్లా ఉంటుందో నాకు మా ఇంట్లోనే తెలిసింది. అవతల మగవాడైతే కోపం తెచ్చుకోవడానికి నాకొక దారి ఉండేది. ఆడమనిషి. అందులోనూ నాకంటే పెద్దది. ఎవరితో చెప్పుకోను? అన్నం తింటూ ఉంటే ఒక్క రింగు వచ్చేది. నా భార్య పెదవి కొస కదిలేది. నేను సగం అన్నం వదిలేసి లేచేవాణ్ని.

ఒక సాయంత్రం అంగడి తొందరగా మూసి ఇంటికి వచ్చాను. ఆమె పెరట్లో గుడ్డలు ఆరేసిన తీగ కింద కూర్చుని మాట్లాడుతోంది. నన్ను చూడలేదు. గొంతు చాలా మెల్లగా ఉంది.

మాకు పెళ్లయిన కొత్తలో ఒక ఆడబిడ్డ పుట్టి దక్కలేదు. మదనపల్లె ఆస్పత్రిలో. ఆ తర్వాత మాకు పిల్లలు లేరు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోవడమే ఆమె మీద నాకున్న దయ అనుకున్నాను. ఆ సాయంత్రం ఆమె చెబుతున్నది ఆ బిడ్డ గురించి. జుట్టు ఎంత ఉండిందో, చేతి గోళ్లు ఎట్లా ఉండినాయో. "కడుపులో ఉన్నప్పుడే పేరు గూడా అనుకునింటినక్కా" అని, ఆ పేరు చెప్పింది. గుమ్మం దగ్గర నిలబడిన నాకు ఆ ఒక్క మాట వినిపించలేదు. అప్పుడే వీధిలో బండి ఏదో పోయింది.

పేరు ఒకటి ఉందని కూడా నాకు తెలియదు. నా బిడ్డ పేరు కుప్పంలో ఎవరికో తెలుసు.

మరుసటి వారం నేను ఆమెకు కొత్త చైనా సెట్టు తెచ్చి ఇచ్చాను. పెద్ద తెర, లౌడ్ స్పీకరు, రంగు రంగు లైట్లు. ఆమె పొంగిపోయింది. "ఇంత ఖరీదుది నాకెందుకయ్యా" అంటూనే చెంగుతో తెర తుడుచుకుంది. పాత సెట్టులోని నంబర్లన్నీ నేనే ఎక్కించాను. కుప్పం నంబరు రెండు చోట్ల ఎక్కించాను. పేర్లలో ఒకసారి, బ్లాక్ లిస్టులో ఒకసారి.

ఆ తర్వాత మా ఇల్లు నేను కోరుకున్నట్టే నిశ్శబ్దమైంది. ఆమె వంట మధ్యలో చేయి తుడుచుకుని వచ్చి ఫోను చూసుకోవడం మొదలుపెట్టింది. రెండు రింగులు ఇచ్చి, ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. అవతల ఆమె వెంటనే చేస్తూ ఉంటుందని, ఆమెకు బిజీ వినిపిస్తూ ఉంటుందని నాకు తెలుసు. తెలిసీ పక్కనే కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకుని తిన్నాను.

"ఆయమ్మకు ఒళ్లు బాగలేదేమో" అంది ఒకసారి.

"పనుల్లో ఉంటాదిలే" అన్నాను.

ఇక నాతో మాట్లాడుతుంది అనుకున్నాను. నాతో మాట్లాడటం కూడా తగ్గించింది. సంగటి పెట్టి, పప్పు పోసి, అవతలికి వెళ్లి కూర్చునేది. ఆ ఫోన్లతో పాటు ఆమె నవ్వు కూడా పోయింది. అయినా నేను ఆ నంబరు తీయలేదు. దాన్ని తీస్తే నేను ఓడిపోయినట్టు అనిపించేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె నా అంగడికి వచ్చింది. ఎప్పుడూ వచ్చేది కాదు. బల్ల ముందు ఒక టమోటా రైతు రీచార్జి కోసం నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన నిలబడి, ఫోను గాజు మీద పెట్టి, ఎవరో బయటి మనిషిలా అడిగింది.

"ఈ ఫోన్‌కి కుప్పం నంబరు ఒకటి రాకుండా ఉండాది. ఏమయ్యిందో రోంత సూస్తారా?"

ఇంట్లో ఆమె నన్ను నువ్వు అనే అంటుంది.

"ఆ కొండల పక్క సిగ్నల్ ఉండదులేమ్మా" అన్నాడు రైతు, సాయం చేద్దామని.

"సిగ్నల్ ఉండాదప్పా. ఇప్పుడే కాయిన్ బాక్సు నుంచి సేస్తి. ఆయమ్మ ఎత్తింది. నేను రెండు రింగులు ఇచ్చేదంట, ఆయమ్మ సేస్తే బిజీ అంటాదంట. దినామూ అంతేనంట. 'ఆట పట్టిస్తాండావా మే, నీకు కొత్త స్నేహితాలు శానా అయినట్లుండాదిలే' అని పెట్టేసింది."

ఆమె చూస్తుండగానే లిస్టు తెరిచాను. అందులో ఉన్నది ఒకే నంబరు.

"ఇది యా లిస్టు?" అంది.

"ఇష్టం లేనోళ్ల నంబర్లు పెట్టేది."

"ఎవురికి ఇష్టం లేనోళ్లు?"

రైతు మా ఇద్దరి మొహాలూ చూసి, "నేను మళ్లా వస్తానప్పా" అని మెల్లగా జారుకున్నాడు. నేను నంబరు తీసేశాను. ఆమె అక్కడే నిలబడి కుప్పానికి రెండు రింగులు ఇచ్చింది. ఇద్దరం ఆ ఫోనునే చూస్తూ నిలబడ్డాం. అది మోగలేదు. ఆమె దాన్ని తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంట్లో అడిగింది. "యాల సేస్తివి?"

అబద్ధాలు చాలా సిద్ధం చేసుకున్నాను గానీ నోటికి రాలేదు. "బిడ్డ పేరు ఆమెకు చెప్పినావు. నాకు ఎప్పుడూ చెప్పలేదే" అన్నాను.

ఆమె పొయ్యి మీది గిన్నె దించిపెట్టి నా వైపు తిరిగింది. "ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినాక సెప్పబోతి. పాతవి యాల తవ్వుతావు, గమ్మున పండుకో అంటివి. సెప్పులు ఏసుకోని ఎలబారిపోతివి."

నాకు గుర్తు లేదు. ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఆమెకు మాత్రం నేను చెప్పులు వేసుకున్నది కూడా గుర్తుంది.

"ఆయమ్మకు నువ్వే సెప్పు" అంది. "నేను సెప్తే నమ్మదు."

మర్నాడు అంగడి ఫోను నుంచి చేశాను. పుంగనూరు నుంచి అనగానే, నేనెవరో చెప్పగానే, అవతల గొంతు మారింది.

"ఆయమ్మకు ఏమన్నా అయ్యిందా?"

"ఏమీ కాలేదక్కా. నీకు బిజీ వచ్చింది ఆమె వల్ల కాదు. నేనే నీ నంబరు రాకుండా చేసినాను. ఆమెకు తెలీదు."

"యాలప్పా? నేనేం తప్పు మాట్లాడితి?"

"నువ్వేం మాట్లాడలేదు. మీరిద్దరూ నవ్వుకుంటా ఉంటే, నాకు చెప్పనిది ఆమె నీకు చెప్పుకుంటా ఉంటే... నాకు ఓర్వబుద్ధి కాలేదు."

అవతల కోళ్లు అరుస్తున్నాయి. ఆ అరుపుల్లోనే ఆమె పెద్దగా నవ్వింది. "సవితి పోరు ఆడోళ్లకే అనుకుంటి. మొగోళ్లకు గూడా ఉంటాదా సామీ!" వెంటనే గొంతు మార్చింది. "నవ్వినానని వదిలేసినట్టు అనుకోబాక. ఇన్నాళ్లూ నా ఇంట్లో నేను ఎవురితోనూ సరింగా పలకలేదు. ఆయమ్మ నాకు సెప్పుకునింది ఒకటే నీకు తెలుసు. నేను ఆయమ్మకు సెప్పుకునింది నీకేం తెలుసు? పెట్టేయ్. ఆయమ్మకు సేసుకోవల్ల."

నేను అంగట్లో ఉన్నప్పుడే ఇంట్లో ఫోను మోగి ఉంటుంది. వెళ్లి చూడలేదు.

కొన్నాళ్లకు నా భార్య కుప్పం పోయి వస్తానంది. నేను కూడా వస్తానని అడగాలని ఉంది, అడగలేదు. పొద్దున పలమనేరు మీదుగా పోయే బస్సు ఎక్కించాను. దానితో పాటు ఆ ఫోనుకు బ్యాలెన్సు కూడా వేశాను. ఆమె అది చూసింది. సాయంత్రం తిరిగి వచ్చింది. చీర కొంగులో చిక్కుడులాంటి అనపకాయల మూట, జడలో కుప్పం అక్క పెట్టిన కనకాంబరాలు. కాళ్లు కడుక్కుని వచ్చి, నేను అడగకుండానే అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"గొంతు అంత పెద్దదా, మనిషి సూస్తే ఇంతే ఉండాది" అని చేత్తో చూపించింది. "ఇంటి ముందర అంతా మల్బరీ తోట. ఇంటి లోపల పట్టుపురుగులు ఆకు తింటాంటే వాన పడినట్టు సప్పుడు. ఆ సప్పుడులోనే నాతో మాట్లాడేదంట. నేను ఇన్నాళ్లూ అది ఫోన్ గరగర అనుకుంటి."

ఆమె నాతో అంతసేపు మాట్లాడి ఎన్నేళ్లయిందో. నేను వింటూ కూర్చున్నాను. ఆ పేరు అడగాలని నాలుక దాకా వచ్చింది. అడిగితే చెప్పేదేమో. కానీ నేను అడిగేది బిడ్డ కోసమా, కుప్పంలో ఆమె దగ్గర ఉన్నది నాకూ కావాలనే పంతం కోసమా అని నాకే అనుమానం వచ్చింది. పేరు వదిలేసి, ఆ చెల్లెలింటి దూడ ఎట్లా ఉందని అడిగాను.

దూడ ఎంత ఎదిగిందో చెప్పబోతూ ఉండగా ఫోను మోగింది. ఇంటికి చేరిందా లేదా అని కుప్పం నుంచి. ఆమె మాట మధ్యలో ఆపి, నవ్వు మొహంతో లేచి పెరట్లోకి పోయింది.

దూడ సంగతి నాకు చెప్పడానికి ఆమె తిరిగి రాలేదు. మాట్లాడటం అయ్యాక అట్నుంచి అటే పొయ్యి దగ్గరికి పోయింది. అరుగు మీద కూర్చున్న నా కడుపులో ఆ పాత మంట మళ్లీ రగిలింది, కొంచెం కూడా తగ్గకుండా. అంతా తెలిసిన తర్వాత కూడా. అనపకాయల మూట ముందుకు లాక్కుని, వంటింటి వైపు చూస్తూ ఒలవడం మొదలుపెట్టాను.