జబ్బ గిల్లిన పట్కారు

ఇవాళ జడ్చర్లలో మా అక్క కూతురి బడికి వెళ్తే, స్పిరిట్ దూది వాసనతో పాటు ఆ తెల్ల ప్లాస్టిక్ పట్కారు మళ్లీ కనిపించింది. పిల్లల జబ్బ వెనక చర్మాన్ని గిల్లి పట్టి, ఒంట్లో కొవ్వు కొలిచేది. ఎవరో అంకెలు గట్టిగా చదువుతుంటే పిల్లలు కిసకిసలాడుతున్నారు.

నా ఆరో తరగతి దోస్తులూ, గుర్తుందా? తెలంగాణ వచ్చిన కొత్తలో మనకూ కొలిచారు. అంగన్‌వాడీలో నా బరువు తక్కువొచ్చిందని ఒకప్పుడు మాటపడిన మా అవ్వ, ఈసారి పరువు దక్కించుకోవాలనుకుంది. పొద్దున్నే జొన్నరొట్టె మీద వెన్నముద్ద పెట్టి, "మంచిగ తిను బిడ్డా, జర బరువు రావాలె" అని దగ్గర కూర్చుని తినిపించింది. నా వెంట బడికొచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

ఆటల సారు నా జబ్బకు పట్కారు బిగించి, తరగతంతా వినేలా అరిచాడు. "గీ పిల్లకు అంత కొవ్వే! ఇంట్ల ఏం పెడ్తున్నరు నీకు?"

మీరు పగలబడి నవ్వారు. అవ్వ మాత్రం సారు నిజంగానే అడిగాడనుకుని, మురిసిపోతూ జవాబు చెప్పింది.

"వెన్న సారూ! నేనే చిలికి పెడ్త."

మీరు ఇంకా నవ్వారు. సారూ నవ్వాడు. అప్పుడు అర్థమైంది అవ్వకు.

పిల్లల ఆరోగ్యం కోసమేనట ఆ కొలత! నాకు దక్కిన ఆరోగ్యమల్లా పదో తరగతి దాకా మీరు పిలిచిన "వెన్నముద్ద" అన్న పేరు.

ఇప్పుడు ఆ సారుకు సన్మానం చేద్దామని గ్రూపులో తెగ సంబరపడుతున్నారు. నన్ను పిలవకండి. అడగకుండా కంచం నింపే మా అవ్వ, ఆ సాయంత్రం రొట్టె చేత పట్టుకుని నా ముందు ఆగిపోయింది. చనిపోయేదాకా ప్రతి పూటా అలాగే ఆగి అడిగింది.

"పెట్టాల్నా బిడ్డా?"