బావ ఇచ్చిన టిప్పు

హోటల్లో ఎవరికి టిప్పు ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, పుచ్చుకునేవాడు చిన్నబుచ్చుకోకుండా ఎలా ఇవ్వాలి అనే విషయం మీద ఒకప్పుడు పత్రికలో పెద్ద వ్యాసం రాశాను. అప్పటికి నేను దిగిన గదులన్నీ ఆఫీసు ఖర్చు మీద దిగినవే.

మార్కాపురంలో బస్టాండు దగ్గరి ఒక లాడ్జికి పనుల మీద తరచూ వెళ్తుంటాను. ఎండాకాలం అక్కడ బోరు ఎండిపోతుంది. మేడ మీది కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాదు. గదులు చూసుకునే నడివయసు మనిషిది కొమరోలు పక్క పల్లె. మా అమ్మ పుట్టిల్లు కూడా ఆ వైపేనని మాటల్లో అన్నానో లేదో, నన్ను ‘బావా’ అనేశాడు. అప్పటినుంచి కింద తొట్టిలో ట్యాంకరు పోసిపోయిన నీళ్లు బకెట్టుతో మోసుకొచ్చి నా గది ముందు పెట్టేవాడు. పెట్టి ఊరుకునేవాడు కాదు.

“మా ఊళ్లో బర్రెలు గూడా ఇన్ని నీళ్లు పోసుకోవు బావా” అని ఒకటి అంటించి పోయేవాడు.

ఆ మాట పడకపోతే నాకు స్నానం చేసినట్టే ఉండేది కాదు.

ఒకసారి గది ఖాళీ చేస్తుంటే నా వ్యాసం నాకే గుర్తొచ్చింది. నోటు చిన్నగా మడిచి, ఎవరికీ కనపడకుండా అతని అరచేతిలోకి జార్చాను. అతను కౌంటరు ముందే చెయ్యి తెరిచి చూసుకున్నాడు.

“ఏంది బావా ఇది?”

“ఉంచు. నీళ్లు మోసినావు గదా.”

“బావవని మోసినా.”

“ఎందుకైతేనేం, తీసుకో” అన్నాను, మేనేజరుకు కూడా వినపడేలా.

అతను నోటు జేబులో పెట్టుకున్నాడు. “మంచిది సార్” అన్నాడు.

మళ్లీ వెళ్లినప్పుడు అడగకముందే నీళ్లు వచ్చాయి. ఉతికిన తువ్వాలు వచ్చింది. “ఇంకేమన్నా గావాల్నా సార్?” బర్రెల ఊసే లేదు. మీ ఊళ్లో వాన పడిందా అంటే “పడింది సార్” అన్నాడు, అంతే. ఏ పెద్ద హోటల్లోనూ నాకు అంత మర్యాద జరగలేదు. ఒంటరిగా కూర్చుని, ఇంకో నోటు ఇస్తే సర్దుకుంటుందేమోనని కూడా ఆలోచించాను. నా తెలివి అలాంటిది.

మధ్యాహ్నం అతను మెట్ల కింద క్యారియర్ విప్పుకుంటుంటే వెళ్లి పక్కన చతికిలబడ్డాను.

“హోటల్ తిండి పడట్లేదు. నాకూ ఇంత పెట్టు.”

అతను అనుమానంగా చూశాడు. “ఈడ బిల్లుండదు సార్.”

“తెలుసు. పెట్టు.”

మూతలో జొన్నరొట్టె సగం తుంచి, వంకాయ కూర వేసి నా ముందుకు తోశాడు. మొదటి ముక్కకే కారం నషాళానికి అంటింది. దగ్గు, కన్నీళ్లు, ముక్కు, అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. గుడ్లు తేలేసి అతని వైపు చూశాను. అతను తీరిగ్గా నములుతున్నాడు.

“నా మొగం జూస్తే ఏం లాభం? వండింది మీ చెల్లెలు. ఆదివారం ఇంటికొచ్చి ఆమెతోనే కొట్లాడు బావా.”

దగ్గు మధ్యలోనే, ఏ బస్సెక్కాలో అడిగాను.