కీబోర్డు నాది, మౌసు అక్కది

మా చిన్నప్పుడు మౌసు అక్కది... కీబోర్డు నాది.

తెనాలి బస్టాండు దగ్గర ఓ మేడ మీద ఉండేది ఆ నెట్ సెంటర్. చెప్పులు మెట్ల కింద విప్పి పైకెక్కాలి. ఇంట్లో మాకు ఇచ్చేది ఒక గంట. వంతులు వేసుకుంటే కొట్లాట ఖాయం. అందుకే ఆటలో ఉన్న ఒక్క సైనికుడినీ ఇద్దరం పంచుకున్నాం... నడిపించేది నేను, గురిపెట్టి కాల్చేది అక్క. ఒకే కుర్చీలో చెరో సగం. మా పక్క కంప్యూటర్ల ముందు కూర్చున్న అన్నదమ్ములూ, స్నేహితులూ అందరూ ఇలాగే ఆడేవాళ్లు. ఒక్కరే రెండు చేతులతో ఆడితే వింతగా చూసేవాళ్లం.

అది రెండో ప్రపంచ యుద్ధం ఆట. దాన్ని మేం పూర్తి చేసేశాక, సెంటర్ నడిపే బాబాయ్ దాని ఎక్స్‌పాన్షన్ సీడీ తెప్పించాడు. అంటే అదే ఆటకి తగిలించే కొత్త కథ అన్నమాట. కంప్యూటర్‌లో చోటు చాలడంలేదని పాపం పాత ఆట తీసేసి మరీ దీన్ని ఎక్కించబోయాడు. అసలు ఆట లేకుండా ఇది ఎక్కదని ఆయనకేం తెలుసు! రెండు రోజులు కుస్తీపట్టి, చివరికి రెండూ ఎక్కించి, "ఇక ఆడుకోండమ్మా, నన్ను మాత్రం ఏం అడక్కండి" అని దండం పెట్టాడు.

ఆ కొత్త కథలో నాకొక వరం దొరికింది... పరుగు మీట. పాత ఆటలో నడకే. ఇందులో మీట నొక్కితే సైనికుడు ఆయాసపడుతూ పరిగెడతాడు. కానీ పరిగెడుతున్నంతసేపూ తుపాకి పేలదు. ఇక చూస్కోండి మా ఇంటి యుద్ధం!

"ఏంటే నువ్వు, నేను గురి పెడుతుంటే పరిగెడతావు?"

"మనమీద బాంబు పడుతుంటే నిలబడమంటావా అక్కా?"

మోచేతులతో పొడుచుకునేవాళ్లం. మెల్లగా మాటలతో పని లేకుండా పోయింది. అక్క ఊపిరి బిగబడితే నేను ఆగాలని తెలిసేది. నా భుజం ముందుకి వంగితే కాల్చడం ఆపాలని దానికి తెలిసేది.

ఆ ఏడు అక్క పదో తరగతి రాసింది. వేసవి అయిపోగానే బాపట్ల హాస్టల్లో చేర్చాలని నాన్న నిర్ణయించేశారు. ఈలోగా ఆ ఆట పూర్తి చేసి తీరాలని ఒట్టేసుకున్నాం. అక్క వెళ్లే ముందు రోజు సాయంత్రం చివరి ఘట్టం దాకా వచ్చాం... సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో అక్క మౌసు వదలలేదు. "వస్తుందిలేవే, ఆగు" అంటూ కూర్చుంది. మా గంట అయిపోయింది గానీ కరెంటు రాలేదు. దసరా సెలవులకి అక్క వచ్చేసరికి ఆ సెంటర్ పోయి జిరాక్స్ షాపు వెలిసింది. మెట్ల కింద నుంచే చూసి ఇద్దరం వెనక్కి వచ్చేశాం. నాకు ఏడుపొచ్చింది.

పోయిన నెల అదే ఆట, అదే ఎక్స్‌పాన్షన్ ఆన్‌లైన్‌లో కనపడితే కొనేశాను. నిజం చెప్పాలంటే భయపడుతూనే తెరిచాను... చిన్నప్పుడు గొప్పగా అనిపించినవి ఇప్పుడు చూస్తే నవ్వొస్తాయి కదా.

బొమ్మలు పాతబడ్డాయి, కాదనను. "అమ్మా, ఆ సైనికుడి చెయ్యేంటి అట్లకాడలా ఉంది?" అని మా అమ్మాయి ఒకటే నవ్వు. కానీ ఆటలో మంచు అడవి ఘట్టం మొదలయ్యాక తనే నా పక్కన వచ్చి కూర్చుంది. ఆ నిశ్శబ్దం, ఎక్కడో దూరంగా ఫిరంగి మోత... చెవులకి ఇప్పటికీ అదే వణుకు. విమానంలో ఒక తుపాకి దగ్గర్నుంచి ఇంకో తుపాకి దగ్గరికి ఉరికే ఘట్టమైతే ఈనాటి ఆటల్లో కూడా నేను చూడలేదు. ఊపిరి తీసుకోనివ్వదు. అలాగని ఎక్కడా సాగదీయదు. ఎంత బాగా చేశారో మహానుభావులు!

చిక్కల్లా నా కుడిచేత్తోనే. ఎడమచెయ్యి అన్నీ గుర్తుపెట్టుకుంది... పరుగు, వంగడం, పాకడం. కుడిచేతికి మాత్రం గురి రాదు. అది ఎప్పుడూ నేర్చుకోలేదు. కిందామీదా పడి చివరి ఘట్టం దాకా లాక్కొచ్చాను. అక్కడ ఆగిపోయి, రేపల్లెలో టీచరుగా ఉన్న అక్కకి ఫోన్ చేశాను.

"ఏంటే, ఇంకా అదే పిచ్చా?" అని నవ్వింది. మళ్లీ తనే, "చివరిదాకా వచ్చావా?" అంది.

"వచ్చాను."

"ముట్టుకోకు. ఆదివారం వస్తున్నా."

ప్యాసింజరు దిగి నేరుగా వచ్చింది. మంచినీళ్లు కూడా తాగకుండా కళ్లజోడు సర్దుకుని మౌసు పట్టుకుంది. ఇప్పుడు ఒకే కుర్చీలో ఇద్దరం పట్టం, రెండు కుర్చీలు దగ్గరికి లాక్కున్నాం. మొదటి అయిదు నిమిషాలు గోడలకి గుద్దుకున్నాం... తర్వాత అక్క ఊపిరి బిగబట్టింది. నా వేలు దానంతటదే ఆగింది.

శత్రువుల చేతిలో ఉన్న ఇంకొక్క ఇల్లు పట్టుకుంటే ఆట అయిపోతుంది. అక్క మౌసు మీద నుంచి చెయ్యి తీసేసింది.

"సేవ్ చెయ్యవే."

"ఏంటక్కా, ఇంకో రెండు నిమిషాలేగా!"

"అయిపోతే మళ్లీ ఏం చెప్పి రానే?"

 సేవ్ చేశాను.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ఫోను వాళ్లది, ఎవరి ఆట వాళ్లది. కొట్లాటలే లేవు... మోచేతి పోట్లూ లేవు. మీ చిన్నప్పుడు మీ కుర్చీలో మిగతా సగం ఎవరిదో కామెంట్లో రాయండి. రాసే ముందు మాత్రం వాళ్లకి ఒకసారి ఫోన్ చెయ్యండి.