తొంభై రెండు మార్కుల ఊఫర్

"తొంభై రెండు, రాజుగారు. ముప్పై అయిదుకు పాసయ్యే కాడ తొంభై రెండంటే ఏందనుకుంటున్నరు? జెర పట్టుకొని చూడుండ్రి, ఎంత అల్కగ ఉందో. తిండి మీద ధ్యాస లేకుండ చదివిన పిల్లగాని లెక్కుంటది."

అలా అంటూనే ఏసురత్నం ఆ పది అంగుళాల ఊఫర్‌ని, లావు స్వరాలు పలికే ఆ కారు స్పీకర్ని, బారసాలలో పసిబిడ్డని అందించినట్టు రెండు చేతులతో అందించాడు. అమ్మిరాజు కూడా అంతే భద్రంగా అందుకుని, వెనక అయస్కాంతాన్నీ ముందు కాగితపు గిన్నెనీ తిప్పి తిప్పి చూశాడు. ఆయనది భీమవరం దగ్గర పల్లె. మల్కాజ్‌గిరిలో స్థిరపడి పాతికేళ్లయింది. పంపుసెట్ల వ్యాపారం. ఏ వస్తువైనా విప్పి చూస్తే తప్ప నిద్ర పట్టని మనిషి, ఎవరైనా చెబుతుంటే మధ్యలో అడ్డు రాని మనిషి కూడా. అందుకే సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఏసురత్నం కారు స్పీకర్ల షాపు ముందున్న స్టూలు ఆయన కోసమే వేసినట్టుండేది.

షాపు వెడల్పు ఒక్క కారు పట్టేంత. లోపల గోడకి రెండు అరలు. పై అరలో తొంభై దాటిన ఊఫర్లు వరసగా కూర్చుని ఉంటాయి. ఒక్కొక్క దాని నుదుటి మీద సుద్దముక్కతో అంకె. తొంభైకి తగ్గినవి కింద నేల మీద, పాత సీటు కవర్ల చాటున. కంపెనీవాళ్లు డబ్బా మీద సెన్సిటివిటీ అని అచ్చేసే అంకెని ఏసురత్నం మార్కులుగానే చదివేవాడు. అందులో ఆయన తప్పు పెద్దగా లేదు. తల్లి మిషన్ స్కూల్లో టీచరు, అక్కలిద్దరూ టీచర్లు. ఆ ఇంట్లో అన్నం దగ్గర కూడా మార్కుల మాటే. పదో తరగతి రెండుసార్లు రాసి బయటపడిన ఏసురత్నానికి, తన చేతి కిందా కొందరు ఫస్టుక్లాసువాళ్లు ఉండటం ఎంతో హాయిగా ఉండేది.

"ఎట్ల కొలుస్తరంటే," అన్నాడు, "ఒక్క వాటు కరెంటు ఇచ్చి, మీటరు దూరంల మైకు పెట్టి చూస్తరు. అందరికి ఒక్కటే పేపరన్నట్టు. మూడు మార్కులు తగ్గినయనుకోండి, అంతే సౌండు రావాలంటే డబుల్ కరెంటు పొయ్యాలె. ఆరు తగ్గితే నాలుగింతలు. మొద్దుపిల్లలకు ట్యూషన్ పెట్టినట్టు, ఆంప్లిఫయర్ మీద ఆంప్లిఫయర్."

"మరి ఆరు మార్కులు ఎక్కువైతే సౌండు రెండింతలు వినపడుద్దా అండీ?"

"చెవికి రెండింతలు అనిపియ్యాలంటే పది గావాలె, రాజుగారు. చెవి బహు పిసినారి."

ఆ రోజు అమ్మిరాజు తన పని మీద రాలేదు. తమ పై వాటాలో ఉండే మేబెల్ టీచర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. నిజానికి ఆమే ఆయన్ని తన మారుతీలో తీసుకొచ్చింది. చెవులు తగ్గాక ఆమెకు హారన్లు వినపడవు, వెనకవాళ్ల తిట్లూ వినపడవు. పక్కన కూర్చుని హారన్ల సంగతి ఆమెకు చేత్తో చెప్పడం అమ్మిరాజు పని. తిట్లు ఆయనే దిగమింగుకునేవాడు.

మేబెల్ టీచర్ ముప్పై ఏళ్లుగా, ఏసురత్నం కూడా వెళ్లే చర్చిలో, ఆర్గన్ వాయిస్తోంది. ఆర్గన్‌కి చేతి మెట్లే కాక కాళ్ల కింద కూడా మెట్లుంటాయి, అన్నిటికన్నా లావు స్వరాలు వాటివే. చెవిలో పెట్టుకున్న మిషను ఆమెకు సన్న స్వరాలు అందిస్తోంది గాని లావువి అందించడం లేదు. కాళ్లు సరిగ్గా పడుతున్నాయో లేదో ఆమెకే తెలియడం లేదు. ఎవరినైనా అడిగితే "బాగానే ఉంది టీచర్" అంటారు. ఆ మాట ఆమె నమ్మదు. తనూ పిల్లలకి అలాగే చెప్పేది. రేడియోలో పనిచేసి రిటైరైన ఆర్థర్ చేత మంచి మైకులు పెట్టించి, పోయిన ఆదివారం ఆరాధన అంతా సీడీ చేయించుకుంది. ఇంట్లో పెడితే కింద అమ్మిరాజు వాటాలో ఇద్దరు పరీక్షల పిల్లలు. అందుకని కారులో అద్దాలెత్తుకుని వింటానంది.

"తప్పులు లేకపోతే వాయిస్తాను. ఉంటే ఈ ఆదివారమే ఆర్గన్ తాళంచెవి పాస్టరుగారికి ఇచ్చేస్తాను," అంది ఏసురత్నంతో. "కీబోర్డు వాయించే కుర్రాడు ఎలాగూ ఎదురుచూస్తున్నాడు. నువ్వు పెట్టేది నిజం చెప్పేదిగా ఉండాలి, తెలిసిందా?"

"టీచరమ్మా, మీకు తొంభై రెండు పెడుతున్న," అన్నాడు ఏసురత్నం.

డిక్కీలో ఊఫర్ బిగించిన పెట్టె అమరింది. వైర్లు కలిపాడు. అప్పటికి భార్య రోసమ్మ అన్నం తెచ్చింది. ఆ షాపులో పరీక్ష అధికారి ఆవిడే. మూడు గిన్నెల క్యారియరు ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటుంది. మూతలు గలగలమంటే ఊఫర్ పాసు. సికింద్రాబాద్‌లో సగం ఆటోలూ కొన్ని పెళ్లి కార్లూ ఆ క్యారియరు పాస్ చేసినవే.

సీడీ తిరిగింది. మూతలు గలగలమన్నాయి. పప్పుచారు రోసమ్మ చీర మీద ఒలికింది.

"పాసు," అంది ఆవిడ, కొంగుతో తుడుచుకుంటూ.

ముందు సీట్లో మేబెల్ టీచర్ వంగి చెప్పులు విడిచింది. రెండు పాదాలూ కారు నేల మీద ఆనించి కళ్లు మూసుకుంది. పాట అయిపోయింది.

"ఆ గిన్నెలకి వినపడింది. నా కాళ్లకి వినపడలేదు," అంది.

"కాళ్లకా?"

"ఆర్గన్ దగ్గర కాళ్లతోనే వింటాను. లావు స్వరం చెక్కలోంచి పైకి వస్తుంది. ఇందులో అరుపు ఉంది, అడుగు లేదు."

ఏసురత్నం సౌండు పెంచాడు. మూతల్లో ఒకటి లేచి రోసమ్మ గడ్డానికి తగిలింది. టీచర్ తల అడ్డంగా ఊపింది. ఇంకా పెంచాడు. పక్క దుకాణం సేటు బయటికొచ్చి, "ఏసూ భాయ్, షట్టర్ హిల్తా హై," అన్నాడు, ఊగుతున్న తన షట్టర్ చూపిస్తూ. టీచర్ కాళ్లకి మాత్రం ఏమీ రాలేదు.

కారు తలుపు మూసి ఏసురత్నం అమ్మిరాజు దగ్గరికొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఒక్క మాట, ఎవ్వరితోని అనకుండ్రి. చర్చి క్వాయర్‌ల నేను బేస్ పాడ్త గదా, గదే, లావు గొంతు. నాకు నొటేషన్ రాదు. ఆ ఆర్గన్ పక్కన చెక్క మీద నిలబడి, టీచరమ్మ కాలు ఏడ పెడితే ఆడ నా గొంతు పెడ్త. గా కీబోర్డుకు కాళ్లే లేవు. ఈమె దిగిపోయిందంటే నేను ఏడ పాడాలె?"

అమ్మిరాజు ఓదార్చలేదు. ఊఫర్ డబ్బా అడుగున మడిచిన కాగితం ఉంటే తీసి, కళ్లజోడు సవరించుకుని చదవసాగాడు. అందులో ఒక గీత. నడుమ కొండలా లేచి, ఎడమవైపు జారిపోయింది.

"ఏసురత్నంగారూ, ఈ ఎడమ పక్క ఉన్నవి లావు స్వరాలేనా అండీ?"

"ఆఁ."

"మరి తొంభై రెండు వచ్చింది ఈ కొండ మీదేనేమో. పల్లంలో ఎంత వచ్చిందో చెప్పలేదు చూడండి."

ఏసురత్నం కాగితాన్ని చాలాసేపు చూశాడు. కుడి నుంచి చూశాడు, ఎడమ నుంచి చూశాడు. తర్వాత షాపులోకి వెళ్లి సీటు కవర్లు తొలగించాడు. నేల మీద నుంచి ఒకదాన్ని ఎత్తాడు. దాని నుదుట ఎనభై ఆరు. అరచేత్తో గిన్నెని నొక్కాడు. బరువుగా, తాపీగా రెండు వేళ్ల మందం లోపలికి పోయి వచ్చింది. తొంభై రెండుని నొక్కితే గోరంత కదిలి ఆగింది.

"దీన్ని సుస్తు పిల్లగాడని, బద్ధకపోడని కింద పారేసిన," అన్నాడు. "ఇది సుస్తు కాదు. బరువు మోసే రకం. అన్ని సబ్జెక్టులు కలిపిన మార్కులు చూసిన గాని, ఏ సబ్జెక్టుల తప్పిందో అడగలే."

"కరెంటు నాలుగింతలు అన్నారు?"

"ట్యూషన్ పెట్టాల్సిందే."

పెద్ద ఆంప్లిఫయర్ బిగించి, పెట్టె మార్చి, సందుల్లో మైనం అద్ది ముగించేసరికి రోసమ్మ అన్నం చల్లారిపోయింది. ఆవిడ మళ్లీ వెనక సీట్లో కూర్చుంది. సీడీ తిరిగింది. క్యారియరు మూతలు కిక్కురుమనలేదు.

"ఫెయిలు," అంది రోసమ్మ. లేవబోయి, "ఆగుండ్రి. నా నడుములకు ఏందో ఐతుంది," అంది.

మేబెల్ టీచర్ కళ్లు మూసుకునే ఉంది. నేల మీద ఆమె ఎడమ పాదం కదిలింది. కుడి పాదం దాని వెనకే కదిలింది. పాట అయ్యేదాకా ఆ రెండు కాళ్లూ లేని మెట్ల మీద నడుస్తూనే ఉన్నాయి. కారు బయట అద్దానికి మొహం ఆనించి ఏసురత్నం ఆ కాళ్లనే చూస్తున్నాడు.

ఆమె అద్దం దించింది.

"తప్పుల్లేవు. తాళంచెవి ఇవ్వను."

"దేవునికి స్తోత్రం," అన్నాడు ఏసురత్నం, డిక్కీ మీద కూలబడుతూ.

"నా కాళ్లకి తప్పుల్లేవన్నాను. రెండో చరణంలో ఎవరో నాకన్నా అర అడుగు ముందే పోతున్నారు, లావు గొంతుతో. మూడో చరణంలో ఏకంగా వేరే ఊరికే వెళ్లిపోయారు. ఇన్నాళ్లూ ఆర్గన్ మోతలో తెలియలేదు. ఆర్థర్ మైకు ఎవరి పక్కన పెట్టాడు?"

ఏసురత్నం డిక్కీ మీద నుంచి మెల్లగా దిగాడు. రోసమ్మ క్యారియరు మూతలు సరిచేసుకుంటూ కూర్చుంది.

"క్రిస్మస్ సీడీలు కూడా ఉన్నాయి ఇంట్లో. ఇవాళ నుంచి అన్నీ మొదటి నుంచి వింటాను," అంది టీచర్. చెప్పులు వేసుకుని తాళం తిప్పింది. అమ్మిరాజు అటు తిరిగి తన సీటు దగ్గరికి నడిచాడు.

తలుపు తీయబోతుంటే ఏసురత్నం ఆయన మోచేయి పట్టుకుని పక్కకి లాగాడు. కారులో ఆమెకు వినపడే అవకాశం లేకపోయినా గొంతు బాగా తగ్గించాడు.

"రాజుగారు, మీకు దండం. తొవ్వల ఒక్క మాట చెప్పుండ్రి. కొత్త ఊఫర్‌ను ఈస్టర్ దాకా బహు మెల్లగ పెట్టుకోవాలె, లేకుంటే ఖరాబైతదని కాగితంల రాసుందని చెప్పుండ్రి. నేను చెప్తే నమ్మదు. మీరు చదివినోళ్లు గదా, మీరైతే నమ్ముతది. అప్పటిదాంక నేను ఆ మూడో చరణం నేర్చుకుంట."