భోజనాల బల్ల మీద జపాన్

చెన్నైలో షోళింగనల్లూరు దగ్గర మా ఆఫీసు. ఒంగోలు నుంచి వచ్చి అక్కడ జపనీస్ అనువాదకురాలిగా చేరాను. మా మేనేజరు చెన్నైలో తరతరాలుగా ఉంటున్న తెలుగాయన. కొన్నేళ్ళు జపాన్‌లో పనిచేసి వచ్చాడు. అక్కడి నుంచి తెచ్చుకున్నది భాష కాదు, ఒక్క అలవాటే: మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోనులో జపాన్ వార్తలు చదివి వాటి మీద జోకులు వేయడం.

ఆ బల్ల దగ్గరే ఒక జపనీస్ పెద్దాయన కూర్చునేవాడు. అరవై దాటినవాడు, రిటైరయ్యాక కాంట్రాక్టు మీద వచ్చాడు. మా అనువాదాలు దిద్దడం ఆయన పని. తెలుగు రాదు, తమిళం రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. సాంబారన్నం చెంచాతో తింటూ, అందరూ నవ్వినప్పుడు తనూ మర్యాదగా చిరునవ్వు నవ్వేవాడు. దేనికి నవ్వుతున్నారని ఒకసారి నన్ను అడిగితే, క్రికెట్ గురించి అని చెప్పాను. ఆ ఒక్క మాట మేనేజరు చెవిన పడింది.

ఎలుగుబంటి సూపర్ మార్కెట్‌లో దూరిన వార్త వచ్చిన రోజున, ఆ దేశంలో మనుషులు అయిపోయినారు, ఇంక అవే ఓట్లు వేసేది అన్నాడు మేనేజరు. ముసలివాళ్ళు తిండి కోసం దొంగతనం చేసి జైలుకు పోతున్నారని చదివి, మనవాళ్ళు జైలు తప్పించుకునేదానికి లాయరును పెట్టుకుంటారు, వీళ్ళు లోపలికి పోయేదానికి పెట్టుకోవాలేమో అన్నాడు. బల్లంతా నవ్వింది. నిజం చెప్పొద్దూ, ఆయన బాగానే చెప్పేవాడు.

తర్వాత ఒకరోజు ఒంటరి చావుల గురించి చదివాడు. ఇంట్లో ఒక్కడే ఉండి చనిపోయినవాడి సంగతి వారాల తర్వాత బయటపడుతుంది. ఆ చావుకి వాళ్ళ భాషలో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. అలాంటి ఇళ్ళు శుభ్రం చేసే కంపెనీలు కూడా ఉన్నాయి. చదవడం ముగించి మేనేజరు పెద్దాయన వైపు తిరిగాడు.

"అడుగమ్మా, ఆయన ఇంటికి ఎవురు వస్తారంట, కంపెనీ ముందే మాట్లాడి పెట్టుకొనుండాడా అని."

నేను పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాను. "ఏం, క్రికెట్ అని చెప్తావా? ఉన్నది ఉన్నట్టు అడుగు" అన్నాడు. అడిగాను.

పెద్దాయన చెంచా కింద పెట్టాడు. మంచి ప్రశ్న అన్నాడు. తన తమ్ముడు అలాగే పోయాడట, ఎండాకాలంలో. గ్యాస్ మీటరు చూసేవాడు కనిపెట్టాడట. "శుభ్రం చేసేవాళ్ళు కాస్త ఆలస్యంగా వచ్చారు. గుమ్మంలో నిలబడి, తల వంచి క్షమాపణ అడిగారు. మా తమ్ముడు ఏమీ అనలేదు."

నేను ఉన్నది ఉన్నట్టే తెలుగులో చెప్పాను. ముందు మేనేజరు నవ్వాడు. తర్వాత అందరూ పగలబడి నవ్వారు. ఎవరో బల్ల మీద చరిచారు. పెద్దాయన ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చాడు. తన మాటకి మనుషులు నవ్వడం ఆ ఆఫీసులో అదే మొదటిసారి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాటి నుంచి ఆయనే వార్తలు తెచ్చేవాడు. నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పేదాన్ని. ఉద్యోగం మానేస్తున్నామని మన బదులు ఆఫీసుకి చెప్పిపెట్టే కంపెనీలు వచ్చాయట. తనను వదిలేసిన భార్య ఆ పనికి వాళ్ళమ్మను పంపిందని, అప్పటికింకా కంపెనీలు లేవని అన్నాడు. జైలుకెళ్ళాలని తనూ ఆలోచించాడట. దొంగతనం చేద్దామంటే ఊళ్ళో ఉన్న ఒక్క దుకాణమూ మూతపడిందట. మనుషులు తగ్గిన పల్లెల్లో గుడ్డబొమ్మలు నిలబెడుతున్నారట. ఊరి సమావేశానికి వేళకు వచ్చేది అవేనట. పక్క టీముల వాళ్ళు కూడా కంచాలు పట్టుకుని మా బల్ల దగ్గరికి చేరేవారు. ఆయన ఇస్త్రీ చొక్కాలు వేసుకురావడం మొదలుపెట్టాడు. మేనేజరు ఫోను తీయడం మానేశాడు. ముసలాయన శానా ఎక్కువ పోతుండాడు అని ఒకసారి నాతో అన్నాడు, నవ్వకుండా.

టోక్యో నుంచి క్లయింట్లు వచ్చారు. ఒక పెద్దావిడ, ఇద్దరు మగవాళ్ళు. భోజనాల దగ్గర మేనేజరు పెద్దాయనను వాళ్ళకెదురుగా కూర్చోబెట్టి, తమ్ముడి సంగతి చెప్పమన్నాడు. అది ఎందుకు చెప్పించాడో నాకు అప్పుడు తట్టలేదు. పెద్దాయన ఉత్సాహంగా చెప్పాడు. ఈసారి నా అవసరం లేదు. ఆయన భాషలోనే చెప్పాడు, వాళ్ళు విన్నారు.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ తింటున్నది ఆపి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. మగవాళ్ళు తలలు దించుకున్నారు. పెద్దాయన ఇంకాస్త నవ్వుతూ, 'ఏమీ అనలేదు' అనే చివరి మాట మళ్ళీ చెప్పాడు, వాళ్ళకి వినపడలేదేమోనన్నట్టు.

వెళ్ళేముందు ఆవిడ నాతో, ఆయన అలసిపోయినట్టున్నారు, విశ్రాంతి దొరికితే బాగుంటుందేమో అంది. ఆ మాట మేనేజరుకు చేరవేశాను, దాని అర్థమేమిటో విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఆయన ఆ దేశంలో ఉండి వచ్చినవాడు.

ఆ వారంలోనే పెద్దాయనను పిలిచాడు. నన్నూ కూర్చోమన్నాడు. "కాంట్రాక్టు ఇంక లేదని చెప్పమ్మా. టోక్యో ఆవిడే ఆయనకి రెస్ట్ కావాలనిందని చెప్పు."

చెప్పాను. ఆవిడ సరిగ్గా ఆ మాటలే వాడిందా అని పెద్దాయన అడిగాడు. అవునన్నాను. "అయితే మర్యాదగానే చెప్పారు" అన్నాడు. లేచి మేనేజరుకు తల వంచాడు. అప్పటికి భోజనాల వేళ అయింది. తిని వెళ్ళొచ్చా అని అడిగాడు.

బల్ల దగ్గర ఎవరికీ సంగతి తెలియదు. ఇవాళ్టి వార్త ఏంటని అడిగారు. ఆయన ఫోను తీయలేదు. పరాయి దేశంలో పనిచేస్తున్న ఒక ముసలివాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారని చెప్పాడు. "ఎండాకాలంలో ఇంటికి వెళ్తున్నాడు. చలికాలమైతే పక్కింటివాళ్ళకు వాసన ఇబ్బంది తక్కువ."

అందరూ నా మొహం చూశారు. తెలుగులో చెప్పాను. ఎప్పటిలాగే నవ్వారు. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి పొలమారితే, పెద్దాయనే గ్లాసు అందించాడు.

ఆయన వెళ్ళాక నేనే అప్పుడప్పుడూ మెసేజ్ పెడుతుంటాను. జవాబిస్తాడు. వాన పడుతోందనో, చలి మొదలైందనో రాస్తాడు. ఆరోగ్యం జాగ్రత్త అని ముగిస్తాడు. తెలుగులోకి మార్చే పని లేకుండా, జపనీస్‌లో నాకు మాత్రమే ఆయన ఇప్పటివరకూ ఒక్క జోకూ చెప్పలేదు.