మామిడి పెట్టె మూతలోంచి స్వాతి నక్షత్రం

నక్షత్రపు కాంతిని రెండు దారుల్లో తెచ్చి కలిపితే చారలు పడతాయని హోసూరులో ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను. బోర్డు మీద గీయడమే తప్ప కంటితో చూసింది లేదు. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాను. మిత్రుడొకాయన తన ఎనిమిదంగుళాల టెలిస్కోపును ఒక్కరోజుకు ఇస్తే, కృష్ణగిరి అవతల మామిడితోట చేసే మా పాత పరిచయస్తురాలు నాగమ్మ మిద్దె మీద పెట్టుకుందామని బయల్దేరాను.

మధ్యాహ్నం మూడింటికి కారెక్కాను. రానుపోను రెండు వేల అయిదు వందలు. సూళగిరిలో టీకి ఆగినప్పుడు డ్రైవరు మునిరాజు నవ్వాడు.

"ఒక చుక్కను చూసేదానికి ఇంత దూరమా సార్? హోసూర్లో అగపడదా?"

"మా మిద్దె చుట్టూ అపార్ట్‌మెంట్లేనప్పా, ఆకాశం యాడుంది?"

అయిదింటికి చేరాం. టెలిస్కోపు నిలబెట్టి సంచి తెరిచి, రెండుసార్లు వెతికాను. గొట్టం మూతికి కట్టాల్సిన రెండు రంధ్రాల అట్ట ఇంట్లోనే మరిచిపోయాను. పడమట మబ్బు లేస్తోంది. మజ్జిగ తెచ్చిన నాగమ్మ, "ఏమప్పా, మొగం అట్ల పెట్టుకున్నావు?" అంది. చెప్పాను.

"బొక్కలుండే అట్టేనా? ఈడ దానికేం కరువు!"

కిందికి పోయి మామిడికాయలు సర్దే అట్టపెట్టె మూత పట్టుకొచ్చింది. గాలాడటానికి మిషన్ కొట్టిన రంధ్రాలు, అన్నీ ఒకే కొలత. రెండు వదిలి మిగతావి టేపుతో మూసి గొట్టానికి కట్టాను.

ఏడున్నరకు తూర్పున స్వాతి దొరికింది. చిన్న గుండ్రని వెలుగు, దాని మీద సన్నటి నల్ల చారలు, వణుకుతూ! నాకు ఏడుపొచ్చింది. నాగమ్మను చూడమని, ఒక రంధ్రానికి చెయ్యి అడ్డం పెట్టాను.

"అయ్యో, గీతలు పోయినాయే!"

చెయ్యి తీశాను.

"వచ్చినాయప్పా!"

"రెండు వెలుతుర్లు కలిస్తేనే గీతలమ్మా. దూరదూరంగా పెట్టిన పెద్ద టెలిస్కోపుల వెలుతురు ఇట్లే కలిపి, నక్షత్రం ఎట్లుందో ఆ గీతల్నించి లెక్కగట్టి బొమ్మ తీస్తారు."

"ఇన్నేండ్లూ ఈ బొక్కలు కాయలకు గాలాడేదానికే అనుకుంటిమి," అందామె.

కాసేపటికి మబ్బు కమ్మేసింది. అయినా ఏం, చూడాల్సింది చూశాను.

ఇలా చుక్కల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఎండాకాలం సాయంత్రాలు మబ్బుల్ని నమ్మొద్దు, వెలుగుండగానే అన్నీ బిగించుకోండి. నాగమ్మకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ముప్ఫై ఏళ్లు పిల్లలు నా మాట నమ్మారు. నేను మాత్రం ఆ సాయంత్రమే నమ్మాను.