కట్టేసిన మనిషికి మజ్జిగ

నా చిన్నప్పుడు మా తోటలో ఒక మనిషిని మామిడిచెట్టుకు కట్టేశారు. అతను దొంగ కాదని నాకొక్కడికే తెలుసు. నేను నోరు విప్పలేదు.

ఎనభైల్లో సంగతి. నూజివీడు దగ్గర మాది రసాల తోట. గాలివానకు రాలిన కాయ ఏరుకున్నవాళ్లదే, కొమ్మ మీది కాయ తోటదే అన్నది మా వైపు కట్టుబాటు. ఆ ఉదయం గాలి తగ్గగానే మా పాలేరు రాలిన కాయలే తువ్వాల్లో మూటగట్టుకోవడం నేను చూశాను. మా తాతయ్య మాత్రం కొమ్మ మీదివి కోశాడని అతన్ని చెట్టుకు కట్టించాడు. అంతకుముందు అతను నలుగురిలో తాతయ్యకు ఎదురు చెప్పాడు. ఆ కోపం తీరాలి కదా!

మిట్టమధ్యాహ్నం తాతయ్య నా చేత అతనికి మజ్జిగ పంపాడు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి గనక గ్లాసు నేనే నోటికి పెట్టాను. సగం గడ్డం మీద కారిపోయింది. "దొంగకి కూడా మజ్జిగండీ! ఎంత ధర్మాత్ముడండీ!" అన్నారు చూసినవాళ్లు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

సాయంత్రం బడి నుంచి వచ్చిన మా మేనత్త, టీచరమ్మ, సంచీ పక్కన పడేసి కొడవలితో తాడు కోసేసింది.

"వాడు దొంగ కాదని నీకెవరు చెప్పారే?" అని అరిచాడు తాతయ్య.

"ఎవరూ చెప్పలేదు నాన్నా. దొంగే అనుకో. స్టేషన్ ఉంది, కోర్టు ఉంది. మనిషిని చెట్టుకు కట్టే హక్కు నీకెవరిచ్చారు?"

"నాకు చట్టాలు చెబుతావా? మా ధర్మం మాకుంది. మజ్జిగ కూడా పట్టించాను."

"నీకు జాలేస్తే మజ్జిగ, కోపమొస్తే తాడు! మనిషి బతుకు నీ జాలి మీద, నీ కోపం మీద ఆధారపడకూడదనే ఆ చట్టాలు."

దొంగ కోసం కన్నతండ్రి పరువు తీసిందని ఊరు నేటికీ అత్తయ్యనే తిడుతుంది. ఎవరైనా దయ గురించి గొప్పగా చెబుతుంటే నాకు ముందు ఆ మనిషి చేతులే గుర్తొస్తాయి. తాడు తెగడానికి నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. దొంగన్న పేరు పోవడానికి కావలసి వచ్చింది. అది నేనివ్వలేదు.

పోయిన వేసవిలో చాట్రాయిలో కూతురి దగ్గరుంటున్న ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాను. "ఆ రోజు మజ్జిగ పట్టారు కదా బాబుగారూ, మర్చిపోలేదండీ" అన్నాడు నవ్వుతూ. సిగ్గుతో చచ్చిపోయాను.

అరుగు మీద ఆయన వాళ్లంతా ఉన్నారు. అందరికీ వినపడేలా చెప్పాను: "మీరు ఏరుకున్నవి రాలిన కాయలేనండీ. నేను చూశాను. చూసీ చెప్పలేదు. నన్ను క్షమించండి."